జబ్బు చేసిన రోజే బిల్లు ఎందుకు కట్టాలి?

పేదరికం తగ్గిందో పెరిగిందో చెప్పేటప్పుడు మనకి చూపించేది ఒకటే సంఖ్య. అప్పుడు ఇన్ని కోట్ల మంది ఉండేవాళ్లు, ఇప్పుడు ఇంతమంది ఉన్నారు అని. ఈ మధ్యలో ఎవరు బయటపడ్డారు, కొత్తగా ఎవరొచ్చి చేరారు అన్నది అందులో కనపడదు. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి ఈ రాకపోకల మీదే పనిచేశారు. భారత్, కెన్యా, ఉగాండా, పెరూ, అమెరికాల్లో 35 వేలకు పైగా కుటుంబాల కథలు సేకరించారు. ఒకే ఊళ్లో కొన్ని కుటుంబాలు పేదరికం నుంచి గట్టెక్కుతుంటే, అదే సమయంలో పక్కింటివాళ్లు అందులోకి జారిపోతున్నారు. ఎందుకు జారిపోయారని అడిగితే దేశం మారినా ఎక్కువగా వచ్చిన జవాబు మారలేదు: ఇంట్లో జబ్బు, దానికైన ఖర్చు. తాగుడు, సోమరితనం లాంటివి, అంటే బయటివాళ్లు ముందుగా ఊహించే కారణాలు, లెక్కలో ఎక్కడో అడుగున ఉన్నాయి.

ఇది చదివి నేనేమీ ఆశ్చర్యపోలేదు. చాలా ఏళ్లు ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో కూర్చున్నాను. జబ్బు ఎంతవరకు వచ్చిందో డాక్టర్లకు రిపోర్టుల్లో తెలుస్తుంది. ఇల్లు ఎంతవరకు వచ్చిందో మాకు రసీదుల్లో తెలుస్తుంది. అడ్మిషన్ రోజు డిపాజిట్ దగ్గర ఎవరూ బేరమాడరు. ఎంత చెబితే అంత కట్టేస్తారు. అది దాచుకున్న డబ్బు. రెండు మూడు రోజులయ్యాక కట్టడానికి వచ్చే మనిషి మారతాడు. ఒకరోజు బావమరిది, ఇంకోరోజు పనిచేసే చోట మేస్త్రీ. అది చేబదులు. వారం దాటాక మొత్తాలు చిన్నవైపోతాయి. "ఇప్పటికి ఇది ఉంచండి మేడమ్, మిగతాది రేపు పొద్దున" అంటారు. తర్వాత ఉన్నట్టుండి ఒకేసారి పెద్ద మొత్తం వస్తుంది, బాకీ అంతా తీరిపోతుంది. ఏదో అమ్మేశారన్నమాట. ఏం అమ్మారో మేం అడగం. ఆ వివరం రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

"ఇంకెన్ని రోజులు ఉంచుతారు?" అని డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న నన్ను అడిగేవాళ్లు. రోజుకెంత అవుతుందో చెప్పగలిగేది నేనే కదా.

వైద్యం ఖరీదు కావడం సమస్యలో సగమే అని ఆ సీట్లో కూర్చున్నప్పుడే నాకు అనిపించింది. ఆ డబ్బు ఎప్పుడు అడుగుతున్నాం అన్నది మిగతా సగం. సంపాదించే మనిషి మంచాన పడ్డాడు. అతన్ని చూసుకోవడానికి భార్యో, కొడుకో పని మానేశారు. ఇంట్లోకి వచ్చే డబ్బు ఆగిపోయిన ఆ రోజునే, వాళ్ల జీవితంలోకెల్లా పెద్ద బిల్లు చేతిలో పెడతాం. గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంతకంటే ఏముంటుంది? సార్వత్రిక ఆరోగ్య రక్షణ అనే బరువైన పేరు పెట్టుకున్న ఆలోచన కదిలించేది ఈ సమయాన్నే. బాగున్నప్పుడు అందరూ ఎవరి శక్తి కొద్దీ వాళ్లు, పన్నుగానో చందాగానో, ముందే కడతారు. జబ్బు చేసినప్పుడు కౌంటర్ దగ్గర అడిగేది ఏమీ ఉండదు, ఉన్నా నామమాత్రం. ఖర్చు ఎక్కడికీ మాయమైపోదు. అది ఒక్క ఇంటి మీద, ఒక్క నెలలో పడకుండా చూస్తారు, అంతే.

అన్నీ ఉచితం అని దీని అర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నివేదిక దీన్ని మూడు వైపుల నుంచి కొలవాలంది: ఎంతమందికి వర్తిస్తుంది, ఏయే వైద్యానికి వర్తిస్తుంది, ఖర్చులో ఎంత భాగం భరిస్తుంది. ప్రభుత్వాలకు ఇష్టమైనది మొదటిది. జనాభాలో తొంభై శాతం మందికి కార్డులిచ్చామని చెప్పుకోవచ్చు. మిగతా రెండూ ఎవరూ గట్టిగా అడగరు. 2012 డిసెంబరు 12న ఐక్యరాజ్య సమితి సాధారణ సభ దీని మీద తీర్మానం చేసింది. ఆ తర్వాత 2030 నాటికి చేరుకోవాల్సిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లోనూ చేర్చారు.

ఎక్కడి దాకా వచ్చామో చూస్తే సంతోషపడేంత ఏమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021 నాటికి దాదాపు 450 కోట్ల మందికి అవసరమైన వైద్యసేవలు పూర్తిగా అందడం లేదు. 2019 లెక్క ప్రకారం దాదాపు 200 కోట్ల మంది వైద్యం ఖర్చుతో ఆర్థికంగా ఇబ్బంది పడ్డారు. వైద్యసేవలు ఎంతవరకు అందుతున్నాయో వందకి ఇంత అని కొలిచే సూచీ 2000లో 45 ఉంటే 2021కి 68 అయింది, కానీ 2015 తర్వాత అది దాదాపు కదల్లేదు. ఇంకో లెక్క నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇంటి ఖర్చులో పదో వంతుకు మించి వైద్యానికి సొంత జేబులోంచి పెడుతున్నవాళ్లు 2000లో 9.6 శాతం ఉంటే, 2019కి 13.5 శాతం అయ్యారు. ఆస్పత్రులు పెరిగాయి, మందులు పెరిగాయి, పక్కనే బిల్లులూ పెరిగాయి.

పైగా ఈ లెక్కలో ఒక చిల్లు ఉంది. ఖర్చు పెట్టినవాళ్లనే అది లెక్కపెడుతుంది. డబ్బు లేక అసలు ఆస్పత్రికే రానివాడి వైద్య ఖర్చు సున్నా. లెక్క ప్రకారం అతను హాయిగా ఉన్నాడు! రెండు పూటలా వేసుకోవాల్సిన మాత్ర ఒక పూటే వేసుకునేవాడి ఖర్చు సగమే, కాబట్టి అతను ఇంకా ప్రమాదంలో పడలేదు. మా దగ్గర ఒక కాగితం ఉండేది, "వైద్యుల సలహాకు విరుద్ధంగా మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం" అని సంతకం పెట్టేది. ఇష్టంతో పెట్టిన సంతకం ఒక్కటి కూడా చూసినట్టు నాకు గుర్తులేదు. అలా వెళ్లినవాళ్ల ఫైలు అక్కడితో మూసేస్తాం. ఏ సర్వేలో అయినా వాళ్లు తక్కువ ఖర్చు చేసిన కుటుంబంగానే నమోదవుతారు.

కొంచెమైనా కడితేనే జనానికి విలువ తెలుస్తుంది అనే వాదన చాలా పాతది, చాలా మొండిది కూడా. 1980ల్లో అప్పుల్లో కూరుకుపోయిన ఆఫ్రికా దేశాల్లో ఇదే విధానమైపోయింది. వైద్యానికి వచ్చినప్పుడల్లా కట్టే వాడుక రుసుములు పెట్టమని ప్రపంచ బ్యాంకు 1987లో సలహా ఇచ్చింది. అదే ఏడాది యునిసెఫ్ అండతో ఆఫ్రికా ఆరోగ్య మంత్రులు మాలి రాజధాని బమాకోలో సమావేశమై, మందుల మీద వచ్చే డబ్బుతో ఊరి ఆరోగ్య కేంద్రాలు నడపాలనుకున్నారు. ఉద్దేశం చెడ్డదని అనను. ఖాళీ అల్మరాలున్న కేంద్రంలో మందులైనా ఉంటాయనుకున్నారు. కానీ విలువ తెలియడం సంగతి అలా ఉంచి, రావాల్సినవాళ్లే రావడం మానేశారు. తర్వాత కెన్యాలో జెస్సికా కోహెన్, పాస్కలిన్ ద్యుపా అనే ఆర్థికవేత్తలు దోమతెరల మీద ఒక ప్రయోగం చేశారు. గర్భిణులకు ఉచితంగా ఇచ్చే తెరకు 60 అమెరికన్ సెంట్ల రేటు పెడితే తీసుకునేవాళ్లు ప్రతి వందమందిలో 60 మంది తగ్గిపోయారు. డబ్బిచ్చి కొన్నవాళ్లు దాన్ని ఎక్కువ శ్రద్ధగా వాడారా అంటే, అదీ లేదు.

ధనిక దేశంలోనూ ఇంతే. అమెరికాలో 1970ల్లో మొదలైన రాండ్ అనే పరిశోధన సంస్థ ప్రయోగంలో కుటుంబాలను వేర్వేరు బీమా పథకాల్లో పెట్టి చూశారు. సొంతంగా కట్టాల్సిన వాటా పెరిగితే వైద్యం వాడకం తగ్గింది. తగ్గినదాంట్లో అనవసరమైనది ఎంత ఉందో, అవసరమైనదీ ఇంచుమించు అంతే ఉంది. ఛాతీలో నొప్పి గ్యాసుదా గుండెదా అని రోగే తేల్చుకుని రావాలంటే ఎలా? అది తేల్చడానికే కదా వచ్చేది.

రుసుములు తీసేస్తే చాలా అంటే, దానికి ఉగాండా కథ ఉంది. 2001 మార్చిలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రుసుములు ఎత్తేశారు. జనం, ముఖ్యంగా పేదలు, ఒక్కసారిగా వచ్చారు. అక్కడి దాకా మంచి కథే. కానీ పేద కుటుంబాలను కుంగదీసే ఖర్చు మాత్రం తగ్గలేదు. చూడడం ఉచితమైంది, మందులు లోపల అయిపోయాయి, చీటీ పట్టుకుని బయట ప్రైవేటు మందుల షాపులో కొనుక్కున్నారు. బోర్డు మీద రేటు చెరిపేసినవాళ్లు దాని బదులు డబ్బు, మందులు, మనుషులు పంపకపోతే ఆ రేటు ఇంకో కౌంటర్లో కనపడుతుంది.

బిల్లు కట్టలేదని రోగిని కదలనివ్వకపోవడం కూడా ఇక్కడ చెప్పాలి. చాలా దేశాల్లో ఉన్నదే. కెన్యాలో ప్రసవానికి వచ్చిన ఇద్దరు మహిళలను డబ్బు కట్టలేదని ప్రసూతి ఆస్పత్రిలోనే ఆపేస్తే, అది రాజ్యాంగ విరుద్ధమని 2015లో హైకోర్టు చెప్పింది. తీర్పు చదవకముందే ఆ పని తప్పని అందరికీ తెలుసు. కానీ కౌంటర్లో కూర్చున్న గుమాస్తాకి పైనుంచి వచ్చే ఒత్తిడి ఎలాంటిదో నాకు తెలుసు. ఇంట్లోంచి డబ్బు వస్తేనే ఆస్పత్రి నడుస్తుందనే ఏర్పాటులో, మంచివాళ్లు కూడా తలుపు దగ్గర కాపలాదారులైపోతారు.

నాకు నచ్చిన ఉదాహరణ థాయిలాండ్. చాలాసార్లు చెప్పిందే అయినా చెబుతాను. 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభం మొదలైందే అక్కడ. నాలుగేళ్లు తిరక్కుండా, 2001లో, అందరికీ వైద్యం మొదలుపెట్టారు. అప్పటికి జనాభాలో సుమారు మూడో వంతు మందికి ఏ రక్షణా లేదు. దీని వెనక ఉన్న మనిషి సంగువాన్ నితయరంఫోంగ్ అనే డాక్టరు. గ్రామీణ ఆస్పత్రిలో పనిచేసి, డబ్బులేక మధ్యలో ఆగిపోయే వైద్యాన్ని దగ్గరగా చూసినవాడు. ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, కాగితాలు రాసుకుని, ఎన్నికల ముందు పార్టీల చుట్టూ తిరిగాడు. తక్సిన్ షినవత్ర పార్టీ దాన్ని అందుకుని, ఒక్కసారి ఆస్పత్రికి వెళ్తే 30 బాత్ (బాత్ అంటే థాయ్ కరెన్సీ) అని జనం నోట్లో నానే నినాదం చేసింది. గెలిచాక మాట నిలబెట్టుకుంది కూడా. 2002కల్లా దేశమంతా వచ్చింది, అదే ఏడాది చట్టమూ అయింది. నిరుపేదలకు ఆ 30 బాత్ కూడా మొదటినుంచే లేదు.

లోపల యంత్రం ఎలా పనిచేస్తుందో చూస్తే నాలాంటి లెక్కల మనిషికి ముచ్చటేస్తుంది. నెలనెలా చందా వసూలు లేదు. ఎందుకంటే సంతలో అమ్ముకునేవాడి దగ్గర, పొలంలో పనిచేసేవాడి దగ్గర నెలనెలా వసూలు చేయడానికయ్యే ఖర్చు, వచ్చేదానికంటే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. డబ్బు మామూలు పన్నుల్లోంచి వస్తుంది. బయటి రోగుల వైద్యానికి, నమోదైన ఒక్కో మనిషికి ఏడాదికి ఇంత అని స్థానిక ఆస్పత్రి బృందానికి ముందే ఇస్తారు. అంటే మనిషి ఆరోగ్యంగా ఉన్నా డబ్బు వస్తుంది. స్కానింగులు ఎక్కువ రాస్తే ఎక్కువ రాదు. మా దగ్గర పద్ధతి సరిగ్గా దీనికి తలకిందులు. ఇంకో పరీక్ష చేస్తే ఇంకో బిల్లు. ఒక డాక్టరు అత్యాశపరుడా కాదా అన్నది నా దృష్టిలో తర్వాతి సంగతి. డబ్బు ఎలా చేరుతుంది అన్న పద్ధతే సగం వైద్యం రాసేస్తుంది.

దాన్లోనూ లోపాలున్నాయి. తలసరి మొత్తం చాలదని ఆస్పత్రులు మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాయి. రద్దీకి డాక్టర్లు, నర్సులు అలిసిపోయారు. కిడ్నీలు పాడైనవాళ్లకి డయాలసిస్ మొదట్లో ఈ పథకంలో లేదు. ఖరీదు ఎక్కువ, జీవితాంతం కావాలి. ఆ ఖాళీలోంచి ఎన్నో కుటుంబాలు అప్పుల్లో పడ్డాయి. 2008లో చేర్చారు, ఇంట్లోనే కడుపు ద్వారా చేసుకునే పద్ధతికి మొదటి ప్రాధాన్యమిచ్చి. దానికి కావాల్సిన ద్రవం సంచులను పోస్టల్ శాఖే ఇళ్లకు చేర్చింది. ఇలాంటి చిన్న ఏర్పాట్ల గురించి పెద్ద సదస్సుల్లో ఎవరూ మాట్లాడరు గానీ, ఆస్పత్రికి వారానికి రెండు మూడుసార్లు తిరగాల్సిన మనిషికి అదే ఉద్యోగం నిలిపేది. ఆర్థికవేత్త జొనథన్ గ్రూబర్ బృందం చేసిన అధ్యయనంలో, పథకానికి ముందు పేద రాష్ట్రాల్లో ఎక్కువగా ఉండే శిశుమరణాలకు, ఆ ప్రాంతపు పేదరికానికి మధ్య ఉన్న సంబంధం పథకం తర్వాత దాదాపు చెరిగిపోయింది.

అందరూ బీమా కొనుక్కుంటే సరిపోదా అని అడిగేవాళ్లకి ఒక మాట. ఇష్టమైతే చేరండి అంటే ముందు చేరేది జబ్బున్నవాళ్లు. వాళ్ల ఖర్చుకి చందా పెరుగుతుంది. పెరిగితే బాగున్నవాళ్లు మానేస్తారు, మళ్లీ పెరుగుతుంది. ఇందులో కొత్తేమీ లేదు, బీమా లెక్కలు తెలిసిన ఎవరైనా చెబుతారు. పన్నుల్లోంచో, తప్పనిసరి చందాల్లోంచో ఎక్కువ భాగం రాకుండా అందరికీ వైద్యం ఇవ్వడం ఎక్కడా కుదరలేదు. ఘనా 2003లో ఆరోగ్య బీమా చట్టం చేసినప్పుడు విలువ ఆధారిత పన్నుతో పాటు 2.5 శాతం సుంకం పెట్టింది, పేరుకి బీమా అయినా ఎక్కువ డబ్బు వచ్చేది దాంట్లోంచే. 1994 మారణహోమంలో అన్నీ కోల్పోయిన రువాండా ఊరూరా సామూహిక బీమా కట్టింది. 2011 నుంచి ఇంటి స్థితిని బట్టి చందా పెట్టి, అట్టడుగువాళ్ల చందా వాళ్ల తరఫున ఇంకొకరు కట్టే ఏర్పాటు చేసింది. దాతల డబ్బు మీద ఆధారపడడం దాని బలహీనత. అయినా అంత బీద దేశం చేయగలిగింది కదా.

ఆరోగ్యం సంగతి పక్కనపెట్టి పేదరికం మీదే దీని ప్రభావం ఎంత అని విడదీసి చూసే అవకాశం అమెరికాలోని ఆరెగాన్‌లో అనుకోకుండా వచ్చింది. 2008లో పేదల వైద్య పథకంలో కొన్ని సీట్లు మాత్రమే ఖాళీగా ఉంటే సుమారు 90 వేల మంది పేర్లిచ్చారు. లాటరీ తీశారు. వైద్యం లాటరీలో తగలాల్సి రావడం ఏమిటో గానీ, పరిశోధకులకు మాత్రం చక్కటి పోలిక దొరికింది. రెండేళ్ల తర్వాత చూస్తే లాటరీ తగిలినవాళ్ల రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని పట్టుకుని పథకం దండగ అన్నవాళ్లున్నారు. అదే అధ్యయనంలో, ఇల్లు కూల్చే స్థాయి వైద్య ఖర్చులు దాదాపు లేకుండా పోయాయి. డిప్రెషన్ సుమారు 30 శాతం తగ్గింది. అప్పు టెన్షన్ లేకుండా నిద్రపట్టడం కూడా ఆరోగ్యమే అని నేననుకుంటాను. బీమా చేయాల్సిన మొదటి పని డబ్బు నష్టాన్ని ఆపడం. ఆ పని అది చేసింది.

అయితే ఆస్పత్రి బిల్లు సున్నా అయినా ఇల్లు గుల్లవుతుందని క్షయ చెబుతుంది. చాలా దేశాల్లో క్షయ మందులు ఉచితం. అయినా వివిధ దేశాల్లో జరిగిన సర్వేల ప్రకారం క్షయ వచ్చిన కుటుంబాల్లో దాదాపు సగం తమ ఏడాది ఆదాయంలో ఐదో వంతుకు మించి నష్టపోతున్నాయి. బస్సు చార్జీలు, మంచి తిండి, అన్నిటికంటే ముఖ్యంగా పోయిన కూలి. జబ్బు సెలవుకి జీతం ఇవ్వకుండా మందు మాత్రం ఉచితంగా ఇచ్చి పేదరికాన్ని ఆపాలంటే కుదరదు. ఈ ముక్క ఆరోగ్య శాఖ పరిధిలోకి రాదు కాబట్టి ఆరోగ్య పథకాల్లో కనపడదు.

ఇంత డబ్బు ఎక్కడిది అంటారు. ఆ డబ్బు ఇప్పుడూ ఖర్చవుతూనే ఉంది, కాకపోతే వడ్డీతో, అమ్మేసిన ఆస్తితో. బ్రిటన్ తన జాతీయ ఆరోగ్య సేవను 1948 జులై 5న మొదలుపెట్టినప్పుడు యుద్ధపు అప్పుల్లో ఉంది, తిండి ఇంకా రేషన్‌లోనే దొరుకుతోంది. జపాన్ అందరికీ బీమా 1961లోనే తెచ్చింది. బాగా సంపాదించాక చేద్దాం అని ఆగితే వాళ్లిద్దరూ మొదలుపెట్టేవాళ్లే కాదు. ఆరోగ్యానికి పెట్టే డబ్బులో 20 నుంచి 40 శాతం వృథా అవుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నివేదికే లెక్కకట్టింది. బిల్లులు చేసిన చేత్తో చెబుతున్నాను, నాకది అతిశయోక్తిగా అనిపించలేదు.

ఈమధ్య ఏ దేశమైనా కొత్త పథకం ప్రకటిస్తే స్నేహితులు నాకు పంపుతున్నారు, "చూడు, ఎంత మొత్తం ఇస్తున్నారో" అని. ఆ మొత్తం నేను చివర్న చూస్తాను. ముందు చూసేది, అడ్మిట్ కాకుండా వచ్చే రోగికి మందులిస్తారా అని. జేబులోంచి పోయే ఖర్చులో మందులదే పెద్ద వాటా. షుగర్, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లకి పెద్ద ఆపరేషన్లు అక్కర్లేదు, ప్రతి నెలా మాత్రలు కావాలి. తర్వాత, పేరు నమోదుకి ఎన్ని కాగితాలు అడుగుతున్నారో చూస్తాను. అడిగే ప్రతి కాగితం దగ్గరా కొందరు రాలిపోతారు, రాలిపోయేది ఎప్పుడూ ఆ పథకం ఎవరికోసం పెట్టారో వాళ్లే. చాలా పథకాలు గుండె ఆపరేషన్‌కి పెద్ద అంకె రాసి, రక్తపోటు మాత్ర దగ్గర మౌనంగా ఉంటాయి. ఆ మాత్ర మానేసినవాడే కొన్నేళ్లకి ఆ ఆపరేషన్‌కి వస్తాడు, అప్పుడు పథకం అతనికోసం ఎంతో ఖర్చుపెట్టిందని ఫొటో వేస్తారు.